ఏట్లో ఆగిన బండి

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒక బండి గురించి చెబుతాను. రెండు వందల ఏళ్లుగా నీళ్లలో నిలబడి ఉన్న బండి.

నా చిన్నప్పుడు మా ఊరి కిరాణా కొట్టు గోడకు ఒక పాత క్యాలెండర్ ఉండేది. ఏడాది గడిచిపోయినా, బొమ్మ బాగుందని కొట్టాయన తియ్యలేదు. లోతు లేని ఏరు. ఏటి మధ్యలో ఖాళీ బండి, దానికి గుర్రాలు. ఇవతలి గట్టున ఒక కుక్క, పక్కన ఒక పెంకుటిల్లు. పైన బోలెడు మబ్బులు. సరుకులు కట్టేదాకా దాన్నే చూస్తూ నిలబడేవాణ్ని. నా అనుమానం ఒక్కటే. ఆ బండి ఏట్లో ఎందుకు ఆగింది? దిగబడిందా?

ఒకరోజు మా తాతయ్యను అడిగాను. ఆయన బొమ్మ చూసి, "దిగబడలేదురా, చక్రాలు నానుతున్నాయి" అన్నారు. ఎండలకు చెక్క ఎండిపోయి పూటీలు, అంటే చక్రం అంచు చెక్క ముక్కలు, సన్నబడతాయి, పైనున్న ఇనప పట్టా వదులవుతుంది. బండిని కాసేపు నీళ్లలో నిలబెడితే చెక్క ఉబ్బి పట్టా మళ్లీ బిగుసుకుంటుంది. తాతయ్యకు ఆ చిత్రకారుడి పేరు తెలీదు, ఆ దేశం తెలీదు. బండి తెలుసు. చాలా ఏళ్ల తర్వాత ఆ బొమ్మ గురించి చదివితే, అక్కడివాళ్లు చెప్పేదీ ఇదే. గుర్రాల కాళ్లు చల్లబడటానికి కూడా అని ఇంకో ముక్క కలిపారు, అంతే.

ఆ బొమ్మ పేరు హే వెయిన్. అంటే గడ్డి బండి. గీసినాయన జాన్ కాన్‌స్టబుల్. పేరు వినగానే పోలీసు గుర్తొస్తే తప్పు మీది కాదు, నాకూ అలాగే అయింది. 1776లో ఇంగ్లండు తూర్పు వైపున, సఫోక్‌లోని ఈస్ట్ బెర్గోల్ట్ అనే పల్లెలో పుట్టారు. నాన్నది ధాన్యం వ్యాపారం. స్టూర్ నది మీద, ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర వాళ్లకు నీటితో తిరిగే పిండిమర ఉండేది. మన బండి ఆగింది ఆ మర పక్కనే. పెంకుటిల్లు విల్లీ లాట్ అనే రైతుది.

జాన్ కుర్రతనంలో కొన్నాళ్లు గాలిమరలో పనిచేశారు. ఆ మర చెక్క మీద తన పేరూ, 1792 అన్న అంకె చెక్కుకున్నారు కూడా. తర్వాత ఆయన లండన్ వెళ్లిపోయి బొమ్మల్లో పడితే, మరల వ్యవహారం తమ్ముడు ఏబ్రమ్ నెత్తిన పడింది. ఆ ఏబ్రమ్ అన్న మాట ఒకటుంది. మా జాన్ గీసిన మరను చూస్తే అది తిరుగుతుందని తెలిసిపోతుంది, వేరేవాళ్లు గీసిన మరలన్నీ అలా ఉండవు, అని. మర నడిపే మనిషి ఇచ్చిన మార్కులు ఇవి.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను. 1821, ఫిబ్రవరి. కాన్‌స్టబుల్ లండన్‌లో ఉన్నారు. ఎదురుగా ఆరడుగుల వెడల్పు కాన్వాసు. బొమ్మలో నడివేసవి, మిట్టమధ్యాహ్నం. అక్కడి చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శన దగ్గర పడుతోంది. బండి మాత్రం సరిగ్గా కుదరాలి. ఊరికి కబురు పెట్టారు. ఊళ్లో డన్‌థార్న్ అని ఒక పాత స్నేహితుడు ఉండేవాడు, కిటికీ అద్దాలు బిగించే పని ఆయనది. ఆయన కొడుకు జానీ బయట చలిలో కూర్చుని బండి గీశాడు. ఆ గీతలు పంపిస్తూ ఏబ్రమ్ ఉత్తరం రాశాడు: కుర్రాడికి చలి బాగా పట్టింది, కానీ వాళ్ల నాన్న ఊరుకోలేదు, టైము దగ్గర పడుతోంది, నీకు ఇది కావాలి అని తొందరపెట్టాడు, అని.

చూడండి మరి. బొమ్మలో ఎండ. బండి గీసింది చలిలో. లండన్ జనానికి సఫోక్ బండి ఎలా ఉంటే ఏం? ఎవరడుగుతారు? ఏబ్రమ్ అడుగుతాడు. డన్‌థార్న్ అడుగుతాడు. నా ఉద్దేశంలో కాన్‌స్టబుల్ భయపడింది విమర్శకులకు కాదు, వీళ్లకు.

ఇంత చేసినా ఆ ఏడాది బొమ్మ అమ్ముడుపోలేదు. మూడేళ్లకు ఒక వ్యాపారి దాన్ని కొని పారిస్ తీసుకెళ్తే, 1824లో అక్కడి రాజు బంగారు పతకం ఇచ్చాడు. కాన్‌స్టబుల్ వెళ్లలేదు. ఆయన జన్మలో ఇంగ్లండు దాటలేదు. ఏడేళ్లు ఎదురుచూసి మరియాను పెళ్లాడటం, ఏడుగురు పిల్లలను వదిలి ఆమె క్షయతో పోవటం, యాభై రెండేళ్లకు గానీ అకాడమీ పూర్తి సభ్యత్వం రాకపోవటం, ఇవన్నీ ఇంకో రోజు. గడియారం నన్ను చూస్తోంది.

ఒక్క మాట, బొమ్మలు వేసే పిల్లలకు, ఫోన్లో మబ్బుల ఫొటోలు తీసే పెద్దలకు. గాలిమరలో పనిచేసినవాడు ఆకాశాన్ని చూడక తప్పదు. గాలి ఎటు వీస్తోందో తెలియకపోతే మర నడవదు. హే వెయిన్ తర్వాత కాన్‌స్టబుల్ లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్ గుట్ట మీద నిలబడి, 1821లోనూ 1822లోనూ ఉత్త మబ్బులే గీశారు. చాలావాటిలో నేల లేదు, చెట్టు లేదు. మబ్బు ఆగదు కదా, గబగబా గీయాలి. గీశాక వెనక్కి తిప్పి రాసుకునేవారు. తేదీ, గంట, తను ఎటు తిరిగి ఉన్నదీ, గాలి ఎటునుంచి వస్తున్నదీ.

మీరూ రాయండి. తేదీ, గంట ఫోను తనే రాసుకుంటుంది. గాలి సంగతి మీరు రాయాలి. ఆయన రాసిన ఒక చీటీని తెలుగులో చెప్పి సెలవు తీసుకుంటాను.

"1822 సెప్టెంబర్ 5. పొద్దున పది గంటలు. ఆగ్నేయం వైపు చూస్తున్నాను. పడమటి గాలి జోరుగా ఉంది. పసుపుపచ్చటి పరుపు మీద బూడిదరంగు మబ్బులు గబగబా పరిగెడుతున్నాయి."