కంచు మనిషి పెట్టిన పరీక్ష: విదేశాల్లో ఆక్యుపంక్చర్ శిక్షణ గురించి

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, ప్రకృతి వైద్యం చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

చైనాను సోంగ్ వంశపు చక్రవర్తి రెన్‌జోంగ్ ఏలుతున్న కాలంలో, 1027లో, వాంగ్ వెయ్‌యి అనే ఆస్థాన వైద్యుడు నిలువెత్తు కంచు విగ్రహాలు రెండు పోత పోయించాడు. ఆక్యుపంక్చర్‌లో, అంటే సూదులు గుచ్చి చేసే చైనా వైద్యంలో, సూది గుచ్చవలసిన బిందువుల దగ్గరల్లా వాటి ఒంటికి సన్నని రంధ్రాలు పెట్టించాడు. పరీక్ష రోజున విగ్రహం పైన మైనం పూసి లోపల నీరు నింపేవారట. విద్యార్థి సూది సరైన చోట దిగితే నీరు బయటికి చిమ్మేది, వెంట్రుకవాసి పక్కకు పోతే సూది దిగేదే కాదు. ఈ విద్య కోసం విదేశాలకు వెళ్లాలనుకునే మీరు ఫీజు, హాస్టలు, వీసా గురించి అడిగే ముందు, అక్కడ మీ చేతిని ఎవరు పరీక్షిస్తారో, ఎన్నిసార్లు పరీక్షిస్తారో అడగాలన్నదే ఈ రోజు నా మాట.

మన దేశానికి ఈ విద్య వచ్చిందే అలాంటి ప్రయాణం వల్ల. జపాన్‌తో యుద్ధంలో చిక్కుకున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన ఐదుగురు వైద్యుల్లో షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు మాత్రం 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, అప్పటికే ఆధునిక వైద్యుడై ఉండి కూడా సూది పట్టడం నేర్చుకుని, 1959లో కలకత్తాలో ఈ చికిత్స మొదలుపెట్టారు. ఇంకా విదేశాల వాళ్లు చైనాకు వెళ్లి చదవడానికి ఒక పద్ధతి ఏర్పడని రోజులవి. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరాల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు 1956లో వెలిశాయి. విదేశీ వైద్యుల కోసం బీజింగ్, షాంఘై, నాన్‌జింగ్‌లలో అంతర్జాతీయ శిక్షణ కేంద్రాలు 1975లో వచ్చాయి. మూడు నెలల కోర్సు అన్న మాట మీ చెవిన పడింది ఆ కేంద్రాల వల్లనే.

మూడు నెలలు చాలా అని మీరు అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, వైద్యం చదవనివారికి పూర్తి శిక్షణ 2,500 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు చేతిపని. ఆధునిక వైద్యులు ఇదే వృత్తిగా చేయదలచుకుంటే 1,500 గంటలు. తమ వైద్యానికి తోడుగా కొంత మేరకు వాడుకుంటామంటే 200 గంటలు. మూడు నెలల కోర్సు ఈ చివరి మెట్టు దాటుతుంది కానీ మొదటి మెట్టు దరిదాపులకు కూడా రాదు. చైనాలో అయిదేళ్ల డిగ్రీ చదివి వచ్చిన వ్యక్తి గోడకూ, వేసవి సెలవుల్లో వెళ్లొచ్చిన వ్యక్తి గోడకూ ఒకే తీరు బంగారు ఫ్రేము వేలాడుతుంటుంది. రోగికి ఆ తేడా తెలిసే మార్గం లేదు.

చేతిపని ఎలా మొదలవుతుందో చెబుతాను. మొదట మడతలు పెట్టిన కాగితం దిండు మీద, తరువాత దూది ఉండ మీద, ఆ తరువాత తమ కాలి మీద విద్యార్థులు సూది గుచ్చుకుంటారు. మోకాలి చిప్పకు దిగువన ఉండే జుసాన్లీ బిందువును దొరకబుచ్చుకోవడానికి కొలబద్ద అక్కర్లేదు, రోగి వేళ్లే కొలత. మన పెద్దవాళ్లు బెత్తెడు, జానెడు అన్నట్లే. సూది దిగాక బరువుగానో తిమ్మిరిగానో కలిగే అనుభూతిని చైనీయులు దెచీ అంటారు, అంటే ప్రాణశక్తి అందింది అని. రోగి ముఖం చూసి దాన్ని పట్టుకోవడం గురువు పక్కన నిలబడితే తప్ప రాదు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం దాచకుండా చెప్పాలి. జర్మనీలో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 1,162 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆరు నెలలకు, సంప్రదాయ బిందువుల్లో సూదులు వేయించుకున్న వారిలో 47.6 శాతం మందికి మేలు కనబడింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చిన వారిలో 44.2 శాతం, మామూలు చికిత్స పొందిన వారిలో 27.4 శాతం. అంటే సూది పనిచేసినట్లే ఉంది కానీ, కంచు మనిషి రంధ్రాలకు మనం ఇచ్చే విలువ మీద మాత్రం గట్టి ప్రశ్న పడింది. ఈ ఫలితాన్ని తరగతిలో చర్చకు పెట్టే గురువు దగ్గరే చేరమని నా సలహా.

మరి బిందువు అంత ముఖ్యం కాకపోతే ఇన్ని గంటల సాధన ఎందుకు? మేలు ఎక్కడి నుంచి వచ్చినా, కీడు మాత్రం చేతి నుంచే వస్తుంది. భుజం మీద జియాన్‌జింగ్ అనే బిందువు ఉంది. దాని కిందనే ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. సూది వాలు, లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడి రోగి ఆసుపత్రి పాలవుతాడు. బక్కపలచని మనిషికి ఎంత లోతు, స్థూలకాయుడికి ఎంత లోతు అన్నది పుస్తకం చెప్పినా వేళ్లు ఒప్పుకోవాలి.

చైనా సంప్రదాయ వైద్యంలో సూదితో పాటు నేర్పే మూలికల చదువు ఇంకా జాగ్రత్త కోరుతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందు వాడిన స్త్రీలకు వరుసగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వాడవలసిన మూలిక ఫాంగ్‌జీ, మందులో కలిసినది గ్వాంగ్ ఫాంగ్‌జీ. పేర్లు దగ్గర, మొక్కలు వేరు. రెండోది అరిస్టొలోకియా జాతిది, అందులోని ఆమ్లం మూత్రపిండాలకు విషం. మన పల్లెల్లో వాడే ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే కనుక ఇది పరాయి కథ కాదు. మొక్కల బంధుత్వం మేలు వైపూ ఉంది. సూదితో పాటు వేడి పట్టడానికి చైనీయులు కాల్చే మాక్సా, వినాయక చవితి నాడు మనం మొదట పూజించే మాచిపత్రికి దగ్గరి చుట్టమే. మలేరియా మందుకు మూలమై చైనా శాస్త్రవేత్త టూ యూయూకు 2015లో నోబెల్ తెచ్చిన మొక్కదీ మాచిపత్రి జాతే.

చివరగా తిరిగి వచ్చాక సంగతి. ఈ పట్టా ఎంబీబీఎస్ కాదు. చైనాలో ఎంబీబీఎస్ చదివిన మన పిల్లలు రాసే అర్హత పరీక్షకు దీనితో దారి లేదు. పశ్చిమ బెంగాల్ 1996లోనే ఆక్యుపంక్చర్‌కు చట్టం చేసింది. కేంద్రం 2019లో దీన్ని స్వతంత్ర చికిత్సగా గుర్తించింది. మీ రాష్ట్రంలో అమలులో ఉన్న నియమం ఏమిటో విమానం ఎక్కకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చైనీస్ మాధ్యమంలో డిగ్రీకి వెళితే హెచ్‌ఎస్‌కె భాషా పరీక్షలో సాధారణంగా నాలుగో స్థాయి అడుగుతారు. ఇంగ్లీషులో సాగే చిన్న కోర్సులో రోగి చెప్పే నిద్ర, చెమట, ఆకలి కబుర్లన్నీ దుబాసీ నోటి గుండానే మీకు చేరతాయి.

చేరబోయే సంస్థకు ఉత్తరం రాసి, గురువు పక్కన ఉండగా నా చేత్తో ఎందరు రోగులకు సూది వేస్తాను అని అంకె అడగండి. అంకెకు బదులు రంగుల కరపత్రం పంపిన చోట డబ్బు కట్టకండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.