యుద్ధంలో మన కూలీలు

సభకు నమస్కారం. కాంట్రాక్టరు అంటే మన కడపలో గుర్తొచ్చేది రోడ్డు పని, చెరువు పని, బిల్లు రాక ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. నేను చెప్పబోయేది యుద్ధం కాంట్రాక్టు గురించి.

మా మామది రాయచోటి పక్క పల్లె. 2004లో కువైట్‌లో లారీ తోలేవాడు. అమెరికా సైన్యానికి నీళ్లు, సరుకులు వేసుకుని బార్డర్ దాటి ఇరాక్‌లోకి పోవాలి. "కాన్వాయ్‌లో ముందు ఎవరు అడ్డమొచ్చినా బ్రేక్ తొక్కొద్దన్నార్రా" అనేవాడు. ఎవరైనా వచ్చారా అని అడిగితే మాట మార్చేవాడు.

ఆ ఏడాది జూలైలోనే కువైట్ కంపెనీ లారీలు తోలే ఏడుగురిని ఇరాక్‌లో ఎత్తుకుపోయారు. అందులో ముగ్గురు మన దేశం వాళ్లు. సెప్టెంబరు 1న బయటపడ్డారు. సరిగ్గా ముందురోజే, ఇంకో ముఠా చేతిలో చిక్కిన 12 మంది నేపాలీలను చంపిన వార్త వచ్చింది. ఇంట్లో మా అత్త టీవీ కట్టేసి కూర్చుంది.

తుపాకీ పట్టిన కాంట్రాక్టర్ల కథ వేరు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ అనే అమెరికా ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ గార్డుల కాల్పుల్లో 17 మంది మామూలు జనం పోయారు. ఏడేళ్లకు నలుగురికి నేరం రుజువైంది. 2020లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. అంతే.

యుద్ధం పనులు కాంట్రాక్టుకిచ్చే ఈ పద్ధతి ప్రభుత్వాలకు ఎందుకు ముద్దంటే, లారీ డ్రైవరు పోతే సైనికుల మృతుల లెక్కలో పడడు. జెండా కప్పరు, పార్లమెంటులో ప్రశ్న రాదు.

అద్దె సైన్యం మన సీమకు కొత్తేం కాదు లెండి. నిజాం తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద 1800లో ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అని పేరు. పటాలం జీతానికి మన నేలను జమ కట్టారన్నమాట.

కాగితం మీద రక్షణలు లేకపోలేదు. అమెరికా స్థావరాల్లో కాంట్రాక్టు పనికి పోయి చస్తే, ఏ దేశం వాడైనా ఇంటివాళ్లకు పరిహారం రావాలని 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ చెబుతుంది. మా మామకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సైన్యం వెంట పోయే పౌరులు శత్రువుకు చిక్కితే యుద్ధఖైదీలుగా చూడాలని, వాళ్లకు సైన్యమే గుర్తింపు కార్డు ఇవ్వాలని 1949 జెనీవా ఒప్పందం.

మా మామ కార్డు మా అత్త బీరువాలో ఇంకా ఉంది. మొన్న తీసి చూశాను. ఫోటో, లారీ నంబరు, తప్పుగా రాసిన పేరు. జెనీవా మాట ఎక్కడా లేదు.