ఆవిడ హ్యాండ్‌బ్యాగు

పెద్దలకూ మీ అందరికీ నమస్కారం. నా డిగ్రీలన్నీ ఇప్పుడే చదివి వినిపించారు కాబట్టి, నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను.

ప్రాక్టీసు కొత్తలో ఒకావిడ వచ్చి నా బల్ల మీద హ్యాండ్‌బ్యాగు బోర్లించారు. పెయిన్‌కిల్లర్ స్ట్రిప్పులు, కత్తెరతో రెండేసి మాత్రల ముక్కలుగా కత్తిరించి ఉన్నాయి. "ఒకటి పర్సులో, ఒకటి దిండు కింద, ఒకటి ఆఫీసు డ్రాయర్లో పెట్టుకుంటానండీ. లేకపోతే భయం" అన్నారు. నెలలో 26 రోజులు తలనొప్పేనట. నేనేమన్నానో తెలుసా? "ఇన్ని మింగితే తల నొప్పెట్టక ఏం చేస్తుందమ్మా? ముందు అవి మానేసి రండి." ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆ మాటలో సగం నిజం ఉంది, అదే చిక్కు. మైగ్రేన్ ఉన్నవాళ్ళు పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, మైగ్రేన్ నొప్పిని ఆపే ట్రిప్టాన్లూ, మార్ఫిన్ జాతి ఓపియాయిడ్లూ, రెండు మూడు మందులు కలిపిన కలగలుపు మాత్రలూ అయితే 10 రోజులు, మూడు నెలలు దాటి వాడితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. లెక్క రోజులదండీ, మాత్రలది కాదు. ఇవే మాత్రలు కీళ్ళ నొప్పులకు రోజూ వేసుకునేవాళ్ళకు, మైగ్రేన్ లేకపోతే, ఈ బాధ సాధారణంగా రాదు. ఇది తెలిశాక కూడా పేషెంటును 'అలవాటు పడ్డావ్' అని ఎలా కసురుతాం?

బాబూ, ఆ ఎదుటి లైటు కాస్త ఆపండి. మైగ్రేన్ వాళ్ళ సభలో అంత వెలుగేమిటి!

ఏం చెబుతున్నాను... ఆ, ఆవిడకు చెప్పనిది. మానేసిన రెండు నుంచి పది రోజుల దాకా నొప్పి ఇంకా పెరుగుతుంది. వాంతులు, కంగారు, నిద్ర ఉండదు. ఆ రోజులు గట్టెక్కడానికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. నేను పెట్టలేదు. నొప్పి రాకుండా చూసే మందులూ రాయలేదు. అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ అప్పటికే ఉన్నాయి. ఇప్పుడైతే 12 వారాలకోసారి తలా మెడా మీద 31 చోట్ల ఇచ్చే బొట్యులినమ్ (బొటాక్స్) ఇంజెక్షన్లున్నాయి, మైగ్రేన్ నొప్పి రేపే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే యాంటీబాడీలున్నాయి.

అసలు పాత మాత్ర మానాలా అన్నదాని మీదే మాలో మాకు తగువు. 2022లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 720 మందికి నివారణ మందు మొదలుపెట్టారు. సగం మందికి పాత మాత్ర మార్చి, కొత్తది వారానికి రెండు రోజులే అన్నారు. మిగతావాళ్ళు పాతదే వాడుకున్నారు. మూడో నెలలో రెండు జట్లకూ ఓ మోస్తరు నుంచి తీవ్రం దాకా తలనొప్పి ఉన్న రోజులు దాదాపు సమానం, తొమ్మిదికి కాస్త పైన! డెన్మార్క్ వాళ్ళు 2020లో, ఆపడమూ నివారణ మందూ మొదటిరోజే కలిపితే మేలన్నారు. నేను డెన్మార్క్ పక్షం. కానీ ఆపలేనన్న మనిషిని ఇక వెనక్కి పంపను.

ఒక్క మాట. ఓపియాయిడ్లు వాడేవాళ్ళు ఇంటికెళ్ళి ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించుకోవాలి.

బ్యాగుల్లో కత్తిరించిన ముక్కలున్నవాళ్ళు చేతులెత్తనక్కర్లేదు. సభయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి, బోర్లించండి. క్యాలెండరు తెచ్చాను, రోజులు కలిసి లెక్కేద్దాం.