వాటా వద్దన్న రికార్డిస్టు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నేను ముఖ్యంగా ఒక ఉత్తరం గురించి మాట్లాడతాను. 1992 చివరిలో షికాగో నగరంలోని ఒక రికార్డింగ్ ఇంజనీరు, అప్పటికి ప్రపంచమంతా పేరు మారుమోగుతున్న నిర్వాణ అనే రాక్ బృందానికి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన పేరు స్టీవ్ ఆల్బినీ. తమ కొత్త ఆల్బమును రికార్డు చేయడానికి ఆ బృందంవారు ఆయనను అనుకుంటున్నారు. అటువంటి అవకాశం తలుపు తట్టినప్పుడు ఎవరైనా తమ గొప్పలు చెప్పుకుంటారు. ఆల్బినీ మాత్రం తాను ఏ పద్ధతిలో పనిచేస్తారో, ఏ పద్ధతిలో పనిచేయరో, ఏ డబ్బు తీసుకుంటారో, ఏ డబ్బు ముట్టరో వరుసగా రాసి పంపారు.

ఉత్తరంలోకి వెళ్లేముందు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1962లో కాలిఫోర్నియాలో పుట్టి, మోంటానా రాష్ట్రంలోని మిజూలా పట్టణంలో పెరిగి, షికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పత్రికారచన చదివారు. చదువుకుంటున్న రోజుల్లోనే బిగ్ బ్లాక్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. అందులో డ్రమ్ములు వాయించే మనిషి లేడు. ఒక డ్రమ్ యంత్రం ఉండేది. ఆ యంత్రానికి రోలాండ్ అని దాని కంపెనీ పేరే పెట్టి, రికార్డు అట్టమీద సభ్యుల జాబితాలో చేర్చారు. 1987లో ఆ బృందం ముగిసింది. 1992లో షెలాక్ అనే మరో బృందం కట్టి, 2024లో చనిపోయేదాకా అందులోనే గిటారు వాయించారు. యువకుడిగా ఉన్నప్పుడు జనాన్ని ఉలిక్కిపడేలా చేయాలని ఆయన అన్న మాటలూ, రాసిన పాటలూ కొన్ని నిజంగానే ఇతరులను నొప్పించేవి. అవి తప్పేనని తరవాతి కాలంలో ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం ఉంది కనుకనే ఆ సంగతి కూడా చెబుతున్నాను.

ఇక ఉత్తరం. రాక్ సంగీతంలో ఆల్బమును తయారుచేయించే ప్రొడ్యూసరు, తన రుసుముతో పాటు అమ్మకాలలో వాటా కూడా తీసుకోవడం అక్కడి వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. దానినే వాళ్లు పాయింట్లు అంటారు. ఒక పాయింటు అంటే నూటికి ఒక వంతు. నేను ఒక పాయింటో, పాయింటున్నరో అడుగుతానని మీ రికార్డు కంపెనీ అనుకుంటూ ఉంటుంది, అని ఆల్బినీ ఆ ఉత్తరంలో లెక్క వేశారు. ముప్ఫై లక్షల ప్రతులు అమ్ముడుపోతాయనుకుంటే ఆ వాటా దాదాపు 4,00,000 డాలర్లవుతుంది. అంత డబ్బు తీసుకుంటే నాకు నిద్ర పట్టదు, అన్నారు. పాటలు రాసింది బృందం, వాయించింది బృందం, రికార్డు కొనేవాళ్లు ఆ బృందం అభిమానులు, కాబట్టి రాయల్టీ, అంటే అమ్మకాల మీద వచ్చే వాటా, బృందానిదే, అన్నారు. ప్లంబరు వచ్చి పని చేసి, ఆ పనికి తగిన కూలి తీసుకుని వెళ్లినట్టే నాకూ ఇవ్వండి, అన్నారు.

శ్రోతలు గమనించాలి, ఇది త్యాగం కాదు. ఆయన ఉచితంగా పనిచేస్తాననలేదు. తన పనికి ఒకే మొత్తంగా రుసుము తీసుకున్నారు, ఆ రుసుము 1,00,000 డాలర్లు. అది చిన్న మొత్తమేమీ కాదు. వద్దన్నది వాటాను మాత్రమే. నేనైతే ఆ వాటాను వదులుకునేవాడినని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

1993 ఫిబ్రవరిలో, మిన్నెసోటా రాష్ట్రంలో ఊరికి దూరంగా, అడవిలో ఉన్న పాకిడెర్మ్ అనే స్టూడియోలో ఆ ఆల్బము రికార్డయింది. స్టూడియోను వేరే పేరుతో బుక్ చేసుకున్నారు, పని రెండు వారాలలో ముగిసింది. బృందంవారు కలిసి వాయిస్తూ ఉంటే, ఆల్బినీ డ్రమ్ముల దగ్గరా, గదిలో దూరదూరంగానూ ఎన్నో మైకులు పెట్టి, ఆ గది మోతను, అంటే గోడలకు తగిలి తిరిగివచ్చే ధ్వనిని కూడా టేపుమీదికి ఎక్కించారు. ఆయన పని అంతా ఈ దూరపు మైకులలోనే ఉందని నేననుకుంటాను. యంత్రంతో కృత్రిమంగా మోతను కలపడం కంటే, మోత ఉన్న చోటుకు మనిషిని తీసుకువెళ్లడం ఆయన పద్ధతి. అంతకు ఐదేళ్ల క్రితం పిక్సీస్ అనే బృందానికి రికార్డు చేసినప్పుడు, ఒక గాయని గొంతుకు నిజమైన మారుమోత కావాలని ఆమెను స్టూడియో స్నానాలగదిలో నిలబెట్టి పాడించారు. ఆ ఆల్బముకు ఆయన తీసుకున్నది మొత్తం 1,500 డాలర్లు. అప్పుడూ వాటా లేదు.

నిర్వాణ ఆల్బము విన్న కంపెనీ పెద్దలకు అది నచ్చలేదు. గరుకుగా ఉందన్నారు, పాట స్పష్టంగా వినబడడం లేదన్నారు. చివరికి బృందమే మరో ఇంజనీరు చేత రెండు పాటలను తిరిగి మిక్సు చేయించింది, అంటే గొంతు, వాద్యాల పాళ్లను మళ్లీ సరిచేసి కలిపించింది. 1993 సెప్టెంబరులో ఆల్బము విడుదలై అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, ఒక్క ఆ దేశంలోనే 50 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. ఆల్బినీ వేసిన ముప్ఫై లక్షల అంచనాను దాటిపోయిందన్నమాట. ఆయనకు ముట్టింది మాత్రం ముందుగా అనుకున్న మొత్తమే. ఆ గొడవ తరవాత కొంతకాలం తనకు పని సన్నగిల్లిందని ఆయనే చెప్పుకున్నారు: పెద్ద కంపెనీలు పిలవలేదు, చిన్న బృందాలేమో ఇక ఈయన మనకు అందడనుకున్నాయి.

అదే 1993లో ఆయన ఒక పత్రికలో వ్యాసం రాశారు. పెద్ద కంపెనీ నుంచి రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్సు పుచ్చుకున్న ఒక ఊహాబృందం ఖర్చులను అందులో పద్దులవారీగా వేశారు: స్టూడియో అద్దె, మేనేజరు వాటా, లాయరు రుసుము, వీడియో ఖర్చు, బస్సు బాడుగ. అన్నీ తీసివేయగా ఒక్కొక్క వాద్యకారుడి చేతికి మిగిలింది 4,031 డాలర్ల 25 సెంట్లు. చిల్లర సెంట్లను కూడా వదలకపోవడంలోనే పత్రికారచన చదివిన మనిషి కనబడతాడు.

1997లో ఆయన షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో అనే సొంత స్టూడియో తెరిచారు. పెద్ద గది గోడలను కాల్చని మట్టి ఇటుకలతో కట్టించారు. కార్ఖానా కూలీలు వేసుకునే నిలువుటంగీతో ఆయన అక్కడ పనిచేసేవారు. రోజుకింత అని ధర ముందే అందరికీ తెలిసేలా ప్రకటించేవారు. పేరున్నవాళ్లు వచ్చినా, పేరు లేని కుర్రవాళ్లు వచ్చినా స్టూడియో తలుపు తెరిచే ఉండేది.

మన దగ్గరా ఇళ్లలో పాటలు రికార్డు చేసుకునే యువకులు ఎందరో ఉన్నారు. వారికోసం ఒక్క విషయం విప్పి చెప్పాలి. ఆల్బినీ కథ విని, కళాకారుడు కూలి తీసుకుని వెళ్లిపోవాలని ఎవరూ అర్థం చేసుకోకూడదు. ఆయన వదులుకున్నది రికార్డు చేసేవాడి వాటాను. పాట కట్టినవాడి వాటాను కాదు. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ సినిమాహాలులో సినిమాతో పాటు వినిపించడం తప్ప ఆ పాటను మరెక్కడ వాడుకున్నా రాయల్టీ మీద హక్కు ఉంటుందనీ, ఆ హక్కును వారు వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదనీ నిబంధన చేర్చారు. రికార్డిస్టుకు కూలి, పాట చేసినవారికి రాయల్టీ. రెండింటినీ కలపకండి.

అందుకని, స్టూడియోలో అడుగు పెట్టకముందే మూడు సంగతులను కాగితం మీద రాసుకోండి: రోజుకు ఎంత ఇవ్వాలి, పని పూర్తయ్యాక అసలు రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి, అమ్మకాలలో ఎవరికైనా వాటా ఉందా. వాటా అడిగినవారిని, పాటలో మీరు రాసిన భాగం ఏది అని మర్యాదగా అడగండి. జవాబు ఉంటే వాటా ఇవ్వండి. లేకపోతే వారి పనికి తగిన రుసుమును బేరమాడకుండా చేతిలో పెట్టి, రసీదు తీసుకోండి.

సెలవు. నమస్కారం.