కొండకూ కొండకూ నడుమ

సభలోని పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

హైదరాబాదులో పెరిగిన వారికి రాతిగుట్టలు కొత్త కాదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న ఈ గ్రానైటు గుట్టల్లో ఒకదాని నుంచి ఇంకొకదానికి మనం బండి మీద పది నిమిషాల్లో వెళ్లిపోతాం. రాతి పగుళ్లలో తప్ప ఎక్కడా బతకలేని ఒక చిన్న ప్రాణికి అదే దూరం ఎన్ని తరాలైనా దాటరానిది కావచ్చు. ఒక జాతి రెండుగా చీలడానికి భౌగోళిక అవరోధం ఎలా కారణమవుతుందో ఈరోజు మాట్లాడుకుంటున్నాం కనుక, ఏది ఎవరికి అవరోధమో ముందుగా తేల్చుకోవాలి.

మన తిరుపతి కొండల్లో బంగారు బల్లి ఉంది. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ దానిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రాతి గుహల్లో, బండల నీడలో బతికే ఈ బల్లులలో మగది మేలిమి పసుపు రంగులో మెరుస్తుంది. ఆడబల్లులు ఎన్నో కలిసి ఒకే రాతి గోడకు గుడ్లను అతికించి పెడతాయి. తూర్పు కనుమల్లో ఉన్న ఈ జాతికి తోబుట్టువు లాంటి జాతి ఒకటి శ్రీలంకలో ఉంది. నడుమ సముద్రం ఉంది కాబట్టి విడిపోయాయని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ పాక్ జలసంధి చాలా లోతు తక్కువ. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు లంకకు నేల మీద నడిచి వెళ్లే దారి ఉండేది. అంతకుముందు మంచుయుగాల్లోనూ అలాంటి దారి తెరుచుకుంది. అయినా ఈ బల్లులు ఒక్కటి కాలేదు. నీళ్లు లేని రోజుల్లో కూడా రాయి లేని మైదానం వాటికి సముద్రంతో సమానంగానే ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

ఇప్పుడు చీలిక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఒక జాతి ప్రాణులు తమలో తాము జతకడుతున్నంతకాలం, ఒక మూల పుట్టిన జన్యు మార్పు తరతరాలుగా కలిసిపోతూ గుంపంతటికీ పాకుతుంది, లేదా కనుమరుగవుతుంది. ఆ కలయిక ఆగిపోయిన రోజు నుంచి రెండు గుంపులూ తమ తమ ఉత్పరివర్తనలను, అంటే కొత్తగా పుట్టిన జన్యు మార్పులను, తమ దగ్గరే కూడబెట్టుకుంటాయి. ఇటు వాన, అటు ఎండ. ఇటు మెత్తని గింజ, అటు గట్టి గింజ అయినప్పుడు ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు తగినవే ఎక్కువగా బతికి సంతానాన్ని మిగల్చడం, ఒక్కో గుంపును ఒక్కో దిక్కుకు లాగుతుంది. గుంపు చిన్నదైతే ఏ కారణమూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా కూడా కొన్ని లక్షణాలు నిలిచి కొన్ని పోతాయి. కొండో నదో కొత్త జాతిని తయారు చేయదు, అది కలయికను ఆపుతుంది, అంతే. మిగతా పని కాలం చేస్తుంది. జీవపరిణామ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఈ వాదాన్ని పటిష్ఠంగా ప్రతిపాదించాడు. తెలుగు, గోండి, కువి ఒకే మూలం నుంచి విడివడిన భాషలని మనకు తెలుసు, ఆ పోలిక కొంతదూరం పనికొస్తుంది. అయితే విడిపోయిన భాషలు మళ్లీ మాటలు అప్పు తెచ్చుకోగలవు. జంతుజాతులకు ఒక హద్దు దాటాక ఆ వెసులుబాటు దాదాపు ఉండదు. 64 క్రోమోజోములున్న గుర్రానికీ, 62 ఉన్న గాడిదకూ పుట్టిన కంచరగాడిద 63తో దృఢంగానే బతుకుతుంది, కానీ సాధారణంగా దానికి సంతానం ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ పనామా భూసంధి, అంటే రెండు అమెరికా ఖండాలను కలిపే సన్నని నేల. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట అక్కడ నేల పైకి లేచి అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను పూర్తిగా వేరు చేసింది. పట్టకారులాంటి పెద్ద ముందు కాలును టపుక్కున మూసి చప్పుడు చేసే ఒక రకం రొయ్యలు అక్కడ రెండు వైపులా ఉన్నాయి; ఇటువైపు ఒక జాతి, దానికి జోడుగా అటువైపు ఒక జాతి. సముద్ర జీవశాస్త్రవేత్త నాన్సీ నోల్టన్, ఆమె సహచరులు ఇటు ఆడదానినీ అటు మగదానినీ ఒకే తొట్టిలో ఉంచి చూశారు. చాలా జంటలు దగ్గరకు చేరకపోగా ఒకదానిపై ఒకటి ఆ కాలునే ఝళిపించాయి. బతికే గుడ్లు పెట్టినవి బహు స్వల్పం. జన్యువులను పోల్చినప్పుడు మరో సంగతి బయటపడింది. అన్ని జోడులూ ఒకే కాలంలో విడిపోలేదు. లోతు నీటిలో బతికేవి ముందే విడిపోయాయి. ఒడ్డున మడ అడవుల్లో బతికేవి చిట్టచివర విడిపోయాయి. నేల మెల్లగా లేస్తున్నప్పుడు లోతైన నీటి దారులు ముందు మూసుకుపోయి, ఒడ్డుపక్క లోతు తక్కువ నీరు ఆఖరి దాకా మిగిలిందన్నమాట. పటంలో ఒకే గీతగా కనిపించే అవరోధం ఒక్కో రొయ్యకు ఒక్కో కాలంలో అడ్డం పడింది.

రెక్కలున్నా ఇదే కథ. పశ్చిమ కనుమల్లో సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున్న పాలక్కాడ్ కనుమ అనే పల్లపు సందుకు ఉత్తరాన, షోలాలనే ఎత్తయిన కొండల చల్లని అడవుల్లో ఒక జాతి నీలి రాబిన్ పిట్ట ఉంటే, దక్షిణాన మరో జాతి ఉంది. చల్లని అడవి నీడ వదలని ఆ పిట్టలకు కింది వేడి నేల మీదుగా ఎగరడం అలవాటు లేదు. 1835లో డార్విన్ చూసిన గలాపగోస్ దీవుల సంగతి మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు కనుక దానిని వదిలేస్తున్నాను. ఆయనను మొదట ఆలోచనలో పడేసినవి ఫించ్‌లు కావు, దీవికో తీరుగా కనిపించిన మాకింగ్‌బర్డ్‌లు అని మాత్రం గుర్తుచేస్తాను.

విద్యార్థులు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. అడవులను రోడ్లతో, వెంచర్లతో ముక్కలు చేస్తున్నాం కదా, అవి కూడా కొత్త జాతులకు దారితీస్తాయా అని. చాలా మంచి ప్రశ్న. కానీ పనామా రొయ్యలకు 30 లక్షల ఏళ్లు పట్టింది, పైగా రెండు వైపులా వాటి సంఖ్య అపారం. ముక్క అడవిలో మిగిలిన కొద్ది జంతువులు దగ్గరి బంధువులతోనే జతకట్టవలసి వస్తుంది. లోపాలు పోగుపడి, కొత్త జాతి కావడానికి చాలాముందే ఆ గుంపు అంతరించిపోయే ప్రమాదం ఎక్కువ. చిలుకూరు దగ్గర మృగవని జాతీయ ఉద్యానంలో కంచెల మధ్య ఉన్న చుక్కల జింకలను చూసినప్పుడల్లా నన్ను వేధించే ఆందోళన ఇదే.

మన నగరం గుండా నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారి ఇంకా ఉత్తరాన పెంచ్ అడవిని చీల్చుకుంటూ వెళ్తుంది. అక్కడ రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింద జంతువులకు దారి వదిలారు. ఆ దారిలో పులులు దాటడం కెమెరాలకు చిక్కింది. పులికి సరిపోయిన ఆ దారి తడి నేల కోసం వెతికే కప్పకు సరిపోతుందా అన్నది వేరుగా కొలిచి తెలుసుకోవాలి.