లడ్డూ, నగలు, మంగళసూత్రం: సంఘంలో ఎవరి మనస్సాక్షి మాట చెల్లాలి?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) విశ్రాంత పాస్టరు, పెంతెకోస్తు సంఘానికి చెందిన ఉపాధ్యాయిని, వేదాంతం బోధించే లూథరన్ అధ్యాపకుడు.)

వ్యాఖ్యాత: తిరుపతిలో కాపురముంటే ఈ ప్రశ్న తప్పదు. పక్కింటివాళ్లు కొండకు వెళ్లొచ్చి లడ్డూ ఇస్తారు. తీసుకోవాలా, వద్దా? అమ్మా, మీరు చెప్పండి.

ఉపాధ్యాయిని: నేను తీసుకోను. బడిలో తోటి టీచర్లకు తెలుసు, వాళ్లు నొచ్చుకోరు. నొప్పించేది మన విశ్వాసులే. "ఈమెకు ఇంకా విశ్వాసం ఎదగలేదు, మిఠాయికి కూడా భయపడుతుంది" అంటారు.

పాస్టరు: నేను తీసుకుంటానమ్మా. దేవుడు ఒక్కడే అని నమ్మినవాడికి ఏ తిండీ అపవిత్రం కాదని నా నమ్మకం. అందుకు ఒక ప్రార్థన కూటంలో పేరు చెప్పకుండా నా మారుమనస్సు కోసం ప్రార్థించారు. పేరు చెప్పకపోయినా ఊరంతటికీ అర్థమైంది!

అధ్యాపకుడు: బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన రోమా పత్రిక 14వ అధ్యాయం సరిగ్గా ఇదే. తినడానికి వెనకాడేవాణ్ని అక్కడ విశ్వాసంలో బలహీనుడన్నాడు. తినేవాడు తిననివాణ్ని చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఇద్దరిదీ ఒకే తప్పు కాదని గమనించండి. అయితే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో ఇంకో మెలిక ఉంది. అంగడిలో అమ్మే మాంసం ఏమీ అడగకుండా తినవచ్చు. ఎవరైనా "ఇది విగ్రహానికి అర్పించినది" అని చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోవాలి. ప్రసాదమని చెప్పకుండా లడ్డూ ఎవరిస్తారు?

పాస్టరు: నన్ను దోషిని చేశారన్నమాట! మా పొరుగాయన నన్ను పరీక్షించడానికి చెప్పడు కదా, తన సంతోషం పంచుకుంటాడు. నేను కాదంటే ఆయన మనస్సాక్షికి ఏం మేలు జరుగుతుంది?

ఉపాధ్యాయిని: నాదింకో సందేహం. విశ్వాసం కోసం నగలు తీసేసిన మా పెంతెకోస్తువాళ్లమే ఎప్పుడూ "బలహీనులం" ఎందుకయ్యాం?

అధ్యాపకుడు: భారం ఎవరి మీద పడిందో చూడండమ్మా. పౌలు తనను బలవంతుల్లోనే కలుపుకున్నాడు. అయినా తగ్గమన్నది వాళ్లనే. సహోదరుడు తొట్రుపడతాడంటే తాను మాంసమే ముట్టనన్నాడు.

వ్యాఖ్యాత: వ్యక్తుల మధ్య సరే, సంఘాల మధ్య ఇది సాధ్యమా?

పాస్టరు: సి.ఎస్.ఐ. పుట్టిందే అలా. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, 1908లోనే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో కలిశారు. 1919 తరంగంబాడి సమావేశం నుంచి లెక్కేస్తే ఇరవై ఎనిమిదేళ్ల చర్చ. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టరు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం) దగ్గర నిలబడవచ్చా అన్నది పెద్ద చిక్కు. చివరికి ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు: ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన క్రమాన్ని గానీ, సేవకుణ్ని గానీ రుద్దకూడదు. ఐక్యత కోసం అంత పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు.

ఉపాధ్యాయిని: నంద్యాలవాళ్లు రాలేదుగా!

పాస్టరు: రాలేదు. అక్కడి ఆంగ్లికన్లలో చాలామంది బయటే ఉండిపోయారు. నంద్యాల డయోసిస్ (బిషప్పు కింద ఉండే ప్రాంతం) చేరింది 1975లో. 1947లోనే లాక్కొచ్చి ఉంటే ఇచ్చిన మాటకు విలువేముంది?

అధ్యాపకుడు: మా లూథరన్లం ఇప్పటికీ వేరుగానే ఉన్నాం, అది ఒప్పుకోవాలి. కానీ ఒక మాట. ప్రతి పట్టింపూ మనస్సాక్షి కాదు. అంతియొకయలో పేతురు అన్యజనుల (యూదులు కాని విశ్వాసుల) బంతిలోంచి తప్పుకుంటే పౌలు ముఖాముఖి నిలదీశాడు, "ఎవరి మనస్సాక్షి వారిది" అని ఊరుకోలేదు. కులం చూసి పిల్లనివ్వనివాళ్లు, సమాధుల తోట వేరుగా కావాలనేవాళ్లు కూడా "మా మనసు ఒప్పుకోదు" అనే అంటారు. వాళ్లకు ఈ రోమా 14వ అధ్యాయంలో చోటివ్వకూడదు.

పాస్టరు: లడ్డూ గురించి గంటసేపు వాదిస్తాం. దీని మీద మాత్రం ఆదివారం ప్రసంగం చేయం. నేనూ ఎక్కువ చేయలేదు.

వ్యాఖ్యాత: అమ్మా, మీ అబ్బాయికి సి.ఎస్.ఐ. సంబంధం కుదిరి, వాళ్లు మంగళసూత్రం కావాలంటే?

ఉపాధ్యాయిని: అమ్మాయి వేసుకుంటే అడ్డుపడను. మావాడు కట్టలేనంటే వాళ్లూ బలవంతపెట్టకూడదు.

పాస్టరు: మరి ఎవరు కడతారు?

ఉపాధ్యాయిని: అది ప్రధానం (నిశ్చితార్థం) రోజే తేల్చుకోవాలయ్యగారూ, పెళ్లి రోజు మందిరంలో కాదు. దానికి ముందు మీరూ, మా పాస్టరుగారూ ఒకచోట కూర్చోవాలి.

పాస్టరు: ఆయన వస్తానంటే నేనే మీ మందిరానికి వస్తాను.