గయ్యాళి అన్న ముద్ర కింద దాగిన నటి: సూర్యకాంతంపై చర్చ

(హనుమకొండలోని స్టూడియోలో జరిగిన ఈ చర్చలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, ఒక రంగస్థల నటి, ఒక మిమిక్రీ కళాకారుడు పాల్గొన్నారు.)

సమన్వయకర్త: ప్రేక్షకులకు నమస్కారం. 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన సూర్యకాంతం గారు 1994 డిసెంబరులో మద్రాసులో కన్నుమూశారు. ఆమె వెళ్లిపోయి మూడు దశాబ్దాలు దాటినా, ఈ ఓరుగల్లు వాడకట్టులో అయినా సరే, నోరు పెద్దగా ఉన్న ఆడమనిషిని చూస్తే జనం ఆమె పేరే తలుస్తారు. మన ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకారన్న మాట కూడా వాడుకలో ఉంది. సార్, ముందుగా మీరు చెప్పండి. ఇది ఆమెకు దక్కిన గౌరవమా, జరిగిన అన్యాయమా?

అధ్యాపకుడు: గౌరవమే కానీ, సగం గౌరవం అమ్మా. ఒక నటి పోషించిన పాత్రను ఆమె స్వభావమని జనం నమ్మడం నటనకు దక్కిన విజయమే. అయితే ఆ నమ్మకం ముదిరిన కొద్దీ, అక్కడ నటన అనేది ఒకటి ఉందన్న సంగతినే మనం మరచిపోయాం. సావిత్రి గారి కళ్ల గురించి, ఎస్వీ రంగారావు గారి గంభీరత గురించి పుటలకొద్దీ రాసిన మనం, సూర్యకాంతం గారి దగ్గరికి వచ్చేసరికి "ఆమె అట్లనే ఉంటది" అని ఊరుకున్నాం. షూటింగులకు ఇంటి నుంచి పులిహోర, పిండివంటలు వండి తెచ్చి అందరికీ పెట్టిన మనిషి ఆమె. దానగుణానికి కూడా ప్రసిద్ధురాలు. తెర మీది మనిషికీ తెర వెనుక మనిషికీ అంత దూరం ఉన్నప్పుడు, ఆ దూరాన్ని దాటడానికి ఎంత పనితనం కావాలో ఆలోచించాలి.

సమన్వయకర్త: మేడమ్, మీరు వేదిక మీద అత్త పాత్రలు ఎన్నో వేశారు. ఆ పనితనం ఎక్కడ కనిపిస్తుంది?

రంగస్థల నటి: మొదట వయసు లెక్క చూడండి. 1950లో వచ్చిన 'సంసారం'లో ఆమె గయ్యాళి అత్తగా పేరు తెచ్చుకునే నాటికి ఆమెకు పాతికేళ్లు దాటాయంతే. 1957లో 'మాయాబజార్'లో హిడింబిగా ఘటోత్కచుడికి తల్లి అయ్యారు. ఘటోత్కచుడిగా నటించిన రంగారావు గారు 1918లో పుట్టారు, అంటే కొడుకు తల్లికంటే ఆరేళ్లు పెద్ద. 1962 నాటి 'గుండమ్మ కథ'లో ఆమె గుండమ్మ అయితే, అల్లుడిగా నటించిన ఎన్టీఆర్ గారు 1923లో పుట్టిన మనిషి, అత్తకంటే పెద్దవారు. కూతురుగా వేసిన జమున గారికీ ఆమెకూ మధ్య పన్నెండేళ్ల తేడా మాత్రమే. ఇవేవీ చూసేవాళ్లకు ఒక్క క్షణం కూడా గుర్తు రావు. తెల్ల జుట్టుతోనో ముడతలతోనో వచ్చిన నమ్మకం కాదది. నడుము మీద చెయ్యి వేసి నిలబడే తీరులో, నడకలోని బరువులో, ఇల్లంతా తనదే అన్నట్టు గుమ్మంలో ఆగే పద్ధతిలో ఆ వయసును ఆమె కట్టుకున్నారు. నేను ఇరవై ఆరేళ్లకు మొదటిసారి అత్త వేషం వేసినప్పుడు దర్శకుడు గొంతు వణికించమన్నారు. సూర్యకాంతం గారు ఏనాడూ గొంతు వణికించలేదు, పెత్తనాన్ని వినిపించారు.

మిమిక్రీ కళాకారుడు: గొంతు గురించి నేనొక మాట చెప్పాలి. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు ఇది. 2001లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన చూపిన దారిలో నడిచే మాలాంటివాళ్లం సినిమా తారల గొంతులు సాధన చేస్తూనే ఉంటాం. సూర్యకాంతం గారి గొంతు తేలికని అందరూ అనుకుంటారు, వేదిక మీద రెండు కేకలు వేస్తే చప్పట్లు పడతాయి కూడా. నిజానికి ఆ కేక ఆమె గొంతులో చాలా చిన్న భాగం. ఆమె మాట కింద మొదలై, వాక్యం నడుమ వేగం అందుకుని, చివరి పదం మీద సాగుతుంది. అంత పొడుగు మాటలో ఒక్క అక్షరం కూడా నలగదు. పైగా 'గుండమ్మ కథ'లో సవతి కూతురు లక్ష్మి మీద విసుక్కున్న నోటితోనే మరుక్షణం సొంత కూతురు సరోజను ముద్దుగా పిలవగలరు, ఆ మలుపుకు ఊపిరి తీసుకున్నట్టు కూడా వినిపించదు. మేము అనుకరించేది ఆమె అరుపును, అందుకోలేకపోయేది ఆ మలుపును.

రంగస్థల నటి: ఎడమ చేతిని కూడా చెప్పండి అన్నా.

మిమిక్రీ కళాకారుడు: అవును, ఆమెది ఎడమచేతి వాటం. మన ఇళ్లలో ఎడమ చెయ్యి ముందుకు చాపితే పెద్దలు కసురుకుంటారు. ఆమె ఆ చేతినే గాలిలో తిప్పుతూ ఎదుటివాళ్లను దులిపేస్తుంటే, మాటకు ముందే అమర్యాద కళ్లకు కట్టేది. వేరే నటి అయితే ఆ వాటాన్ని దాచుకునేది, ఆమె దాన్ని పాత్రకు ఇచ్చేశారు.

సమన్వయకర్త: సార్, ఆమె తొలి రోజుల గురించి క్లుప్తంగా చెప్పండి.

అధ్యాపకుడు: చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఆటపాటలు నేర్చుకుని మద్రాసు చేరి, జెమినీ స్టూడియోలో నెల జీతానికి పనిచేశారు. 1946లో వచ్చిన 'నారద నారది' ఆమె తొలి చిత్రాల్లో ఒకటి. 'సౌదామిని'లో కథానాయిక అవకాశం వచ్చినా, కారు ప్రమాదంలో ముఖానికి గాయమై అది చేజారింది. అయితే ఆ ప్రమాదాన్ని అదృష్టంగా మార్చి చెప్పే కథనం నాకు నచ్చదు. కథానాయిక కావాలని వచ్చిన అమ్మాయికి అది దెబ్బే. ఆ తర్వాత దొరికిన పాత్రను ఆమె ఇంత ఎత్తుకు తీసుకెళ్లారన్నది వేరే సంగతి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది గుండమ్మ గురించి. కన్నడంలో బి. విఠలాచార్య తీసిన 'మనె తుంబిద హెణ్ణు' ఆధారంగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో విజయా వారు తీసిన సినిమా అది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకు ఒక గయ్యాళి వితంతువు పేరు పెట్టారంటే, కథ బరువు ఎవరి మీద ఉందో నిర్మాతలకు తెలుసు. ఆ గుండమ్మ దుర్మార్గురాలు కాదు, భయస్తురాలు. మగదిక్కు లేని ఇల్లు, చేతిలో ఆస్తి, పెళ్లి కావలసిన గారాబు కూతురు, చుట్టూ ఆ ఆస్తి మీద కన్నేసిన ఘంటయ్య వంటివాళ్లు. వితంతువుకు ఆస్తి మీద పూర్తి హక్కునిచ్చిన హిందూ వారసత్వ చట్టం వచ్చింది 1956లో. సినిమా దానికి ఆరేళ్ల తర్వాతిది. సినిమా చట్టం గురించి మాట్లాడదు, కానీ తాళం చెవులు తన బొడ్లో ఉన్నంతకాలమే తనకు విలువ అని తెలిసిన ఆడమనిషి కంగారును సూర్యకాంతం గారు ప్రతి సన్నివేశంలోనూ చూపించారు. మనకు నవ్వు వచ్చేది ఆ కంగారు వల్లనే.

రంగస్థల నటి: సార్, ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించలేను. నటన గొప్పదే. ఆ కథల అమరిక మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 1961 నాటి 'వెలుగు నీడలు'లో ఒక బిడ్డను పెంచుకుంటారు, తర్వాత సొంత బిడ్డ పుట్టగానే పెంపుడు కూతురి మీద ప్రేమ తగ్గిపోతుంది. ఆ తప్పంతా సూర్యకాంతం గారు వేసిన తల్లి నెత్తిన పడుతుంది, ఆ ఇంటి యజమాని మాత్రం మంచివాడిగానే మిగులుతాడు. ఇంట్లో అన్యాయం జరుగుతున్నా నోరు మెదపని మగవాడి మీద మనకు జాలి, నోరు విప్పిన ఆడదాని మీద నవ్వు. కోడండ్లను, యారాండ్లను, సవతి కూతుళ్లను బాధపెట్టేది ఆడవాళ్లేనన్న అభిప్రాయం ఊళ్లలో అంతగా పాతుకుపోవడంలో ఆ సినిమాలకు వాటా ఉంది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది కూడా ఆ 1961లోనే. కట్నం బేరాల్లో మామలు, మగపెండ్లివారి పెద్దలు కూర్చునేవారు, తెర మీద తిట్లు మాత్రం అత్తకు తగిలేవి.

అధ్యాపకుడు: మీ మాటను నేను కాదనను. కథకులు రాసిన దానికి ఆమె బాధ్యురాలు కాదన్నంతవరకే నా వాదన.

రంగస్థల నటి: బాధ్యురాలని నేనూ అనను. అసలు ఆమె ఆ పాత్రలకు రాసినదానికంటే ఎక్కువ ఇచ్చారు కాబట్టే ఈ మాట అంటున్నాను. ఛాయాదేవి గారి దుర్గమ్మ వచ్చి ఇంటి పెత్తనం లాక్కున్న తర్వాత గుండమ్మ ముఖం చూడండి. అంతదాకా గదమాయించిన మనిషి తన ఇంట్లోనే ఎటు పోవాలో తెలియక నిలబడుతుంది. మన జాలి ఆ క్షణాన ఆమె వైపు తిరుగుతుంది. అక్కడ ఆమె ఒక్క బొట్టు ఎక్కువ ఏడ్చినా ఆ సన్నివేశం పాడయ్యేది.

సమన్వయకర్త: ఇక్కడి నాటక విద్యార్థులు ఆమెను దేనితో మొదలుపెట్టి చూడాలి?

మిమిక్రీ కళాకారుడు: నేనైతే 'మాయాబజార్' అంటాను. అందులో కయ్యం లేదు. అడవికి వచ్చిన సుభద్రను, అభిమన్యుణ్ణి ఆదరించే హిడింబి మాటలో పెద్దరికం ఉంది, అదే గొంతు ఎంత నెమ్మదిగా నడవగలదో తెలుస్తుంది. ముందు అది విని, తర్వాత గుండమ్మను వింటే ఏది స్వభావం, ఏది నటన అన్న సందేహం ఉండదు.

రంగస్థల నటి: నేను గుండమ్మతోనే మొదలుపెట్టిస్తాను, కానీ ధ్వని తీసేసి. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆమె ఏం చేస్తున్నారో మాత్రమే రాసుకుని రమ్మంటాను. పిల్లలు తెచ్చే కాగితాల్లో ఎక్కువగా ఉండేది కనుబొమ్మలు, మూతి విరుపు, పైట సర్దుకోవడం. ఆ తర్వాత అదే సన్నివేశాన్ని గొంతు పెంచకుండా చేయమంటే వాళ్లకు నెలలు పడుతుంది.